చిప్ కాంప్లెక్స్‌లో దిగింది, మరి ఇంటికి?

"చిప్ వచ్చేసిందండీ, ఇంక అమ్ముకోవడమే!" ఫోటోనిక్స్, అంటే కరెంటు బదులు లైటుని నడిపించే చిప్‌ల గురించి ఈ మాట విన్నప్పుడల్లా చిర్రెత్తుకొస్తుంది.

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, తెల్లారుజామున వైజాగ్ కాంప్లెక్స్‌లో దిగారు. ఇల్లేమో మధురవాడ. ఇల్లు చేరినట్టేనా?

చిప్‌లకీ అలాంటి బస్సుంది, మల్టీ ప్రాజెక్ట్ వేఫర్. ఒకే వేఫర్, అంటే చిప్‌లు తయారయ్యే సిలికాన్ పళ్లెం మీద చాలామంది డిజైన్లు పక్కపక్కన ఎక్కుతాయి. డిజైన్‌ని వేఫర్ మీద అచ్చేసే మాస్కుల ఖర్చు అందరిదీ, టికెట్ ఎవరి చోటుని బట్టి వాళ్లది. రూటు మాత్రం మారదు. సిలికాన్ మందం 220 నానోమీటర్లంటే అంతే, మీకోసం 250 చెయ్యరు. లగేజీ రూల్సు ఫ్యాక్టరీ ఇచ్చే డిజైన్ కిట్, పీడీకేలో ఉంటాయి, ఆ రూల్సు పాటించారా అని చూసే చెకింగ్, డీఆర్‌సీ దాటకపోతే ఎక్కనివ్వరు. బస్సు తప్పితే తర్వాతిదానికి నెలలు ఆగాలి.

ఇక తెల్లారుజామున ఆటో బేరం. అదే ప్యాకేజింగ్, అంటే చిప్‌కి ఫైబర్, వైర్లు అతికించి వాడుకునేలా చెయ్యడం. చాలాసార్లు బస్సు టికెట్‌ని మించిపోయేది ఇదే.

[తెరపై: ఫైబర్, పక్కన వేవ్‌గైడ్]

ఫైబర్‌లో 1550 నానోమీటర్ల లైటు సుమారు 10 మైక్రాన్ల వెడల్పున ఉంటుంది. చిప్ మీద లైటు నడిచే దారి, వేవ్‌గైడ్ వెడల్పు 0.45 మైక్రాన్. ఇరవై రెట్ల పైనే తేడా! మధ్యలో లైటుని ఫైబర్‌కీ వేవ్‌గైడ్‌కీ మధ్య దాటించే గ్రేటింగ్ కప్లర్ పెడతాం. ఒక్కోదాని దగ్గర 3 డీబీ పోయిందనుకోండి, లోపలికి సగం, బయటికి మళ్లీ సగం. చేతికొచ్చేది పావలా వంతు.

అతికించడం ఇంకో తంటా. లేజర్ వెలిగించి, ఆరు యాక్సిస్‌ల స్టేజ్ అనే మెషీన్‌తో ఫైబర్‌ని జరుపుతూ పవర్ ఎక్కడ ఎక్కువుందో పట్టుకుని, ఎపాక్సీ జిగురు వేసి యూవీ లైటు కొట్టాలి. గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కుంచించుకుని ఫైబర్‌ని లాగేస్తుంది. చిప్ అంచు నుంచి లెన్స్‌డ్ ఫైబర్‌తో, అంటే కొనకి లెన్సున్న ఫైబర్‌తో కలిపితే ముప్పావు మైక్రాన్ జరిగినా దాదాపు 20 శాతం లైటు గోవిందా. అందుకే జిగురు పొర పల్చగా, రెండు వైపులా సమానంగా ఉండాలి.

ఈ స్టేజీలు, చిప్‌కి సన్నని వైర్లు అతికించే వైర్ బాండర్లు ప్రతి స్టార్టప్ కొనుక్కోలేదు. కొన్నా నడిపే చెయ్యి ఉండాలిగా! ఉమ్మడి ప్రోటోటైపింగ్ కేంద్రాలు అందుకే. అమెరికాలో ఎయిమ్ ఫోటోనిక్స్ 2015లో మొదలైంది, రోచెస్టర్‌లో దాని ప్యాకేజింగ్ కేంద్రముంది. ఐర్లండ్ కార్క్‌లో టిండాల్ పరిశోధన సంస్థ ఉంది. మనకి బెంగళూరు ఐఐఎస్‌సీ నానో ఫ్యాబ్ బయటివాళ్లకీ తలుపు తీస్తుంది.

కానీ ఆటో ఎక్కాలంటే ఇంటి అడ్రస్ బస్సెక్కకముందే తెలిసుండాలి. కప్లర్లన్నీ ఒకే వరసలో, ఒకదానికొకటి 127 లేదా 250 మైక్రాన్ల దూరం (పిచ్)తో పెట్టండి. వైర్లు అతికే బాండ్ ప్యాడ్లు వేరే అంచున. మొదటి, చివరి కప్లర్లని వేవ్‌గైడ్‌తో కలిపి, లైటు సర్క్యూట్‌కి వెళ్లకుండా నేరుగా తిరిగొచ్చే లూప్‌బ్యాక్ వదలండి. అది లేకపోతే లైటు రానప్పుడు చచ్చింది సర్క్యూటో, పక్కకి జరిగింది ఫైబరో తేలదు. అందరూ మర్చిపోయేది ఇదే, ఎందుకో మరి.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. రింగ్ రెజొనేటర్, అంటే ఒక్కో రంగు లైటుని ఏరే గుండ్రటి వేవ్‌గైడ్, పట్టే వేవ్‌లెంగ్త్ వేడి మారితే డిగ్రీకి సుమారు 0.08 నానోమీటర్ జరుగుతుంది, అందుకని కింద కరెంటుతో చల్లబరిచే టీఈసీ కూలర్ కావాలి. వైజాగ్ ఉక్కలో చిప్‌ని 20 డిగ్రీలకి చల్లబరిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమట పడుతుంది. సీల్ చెయ్యండి, లేదా ఇంకాస్త వేడి మీదే నడపండి. తర్వాత 85 డిగ్రీలు, 85 శాతం తేమలో వందల గంటల టెస్టు. వైద్య పరికరమైతే ఈఎంఐ-ఈఎంసీ (పక్క పరికరాలతో విద్యుదయస్కాంత జోక్యం), ఎలక్ట్రికల్ సేఫ్టీ పరీక్షలకి వైజాగ్ పెదగంట్యాడలో వైద్య పరికరాల పార్కు, మెడ్‌టెక్ జోన్ ఉండనే ఉంది.

కేంద్రానికి ఫోన్ చేస్తే ముందు రేటు అడక్కండి. వాళ్ల ప్యాకేజింగ్ డిజైన్ రూల్స్ పంపమనండి, లేఅవుట్ పక్కన పెట్టుకుని గీయండి.