ఫోన్-ఇన్ కార్యక్రమం: అమెరికాలో అద్దె ఇల్లు, తాళం చేతికి రాకముందే అయ్యే ఖర్చు

వ్యాఖ్యాత: నమస్కారం. ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్లి, క్యాంపస్ బయట ఇల్లు అద్దెకు తీసుకోబోయే విద్యార్థుల కోసం సలహాదారు గారు మన విజయవాడ స్టూడియోకు వచ్చారు. మొదటి కాల్ గుంటూరు బ్రాడీపేట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమమ్మా. మా వాడికి డల్లాస్ దగ్గర సీటు వచ్చింది. నలుగురు కుర్రాళ్లు కలిసి రెండు పడకగదుల ఇల్లు చూసుకున్నారు. అద్దె 1,600 డాలర్లట, అంటే మనిషికి 400. మొదటి నెలకు ఆ 400 ఇచ్చి పంపితే చాలని మా బావమరిది అంటున్నాడు. వాళ్ల అబ్బాయి చాలా ఏళ్ల కిందట వెళ్లాడు లెండి, అప్పటి డాలరు ధర వేరు. బ్యాంకు లోను కూడా మంజూరైంది. ఇంతకీ, అక్కడ అడ్వాన్సు తిరిగి ఇస్తారా అమ్మా?

సలహాదారు: అడ్వాన్సు సంగతి చివర చెబుతాను, ముందు మీరు కాగితం, కలం తీసుకోండి. మొదటి నెల అద్దెలో మీ వాటా 400. డిపాజిట్, అంటే మీరు అనే అడ్వాన్సు, ఒక నెల అద్దె అనుకుంటే మరో 400. అయితే డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో డిపాజిట్‌కు చట్టం గరిష్ఠ పరిమితి పెట్టలేదు. మన పిల్లలకు అక్కడ క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు తీర్చిన రికార్డు గాని, సోషల్ సెక్యూరిటీ నంబరనే ప్రభుత్వ గుర్తింపు సంఖ్య గాని ఉండవు కనుక, ఎక్కువ డిపాజిట్ అడిగే యజమానులూ, హామీదారు కావాలనేవారూ ఉంటారు. దరఖాస్తు రుసుము మనిషికి 60 అనుకోండి, ఇల్లు దొరకకపోయినా అది సాధారణంగా తిరిగి రాదు. అపార్ట్‌మెంట్ కార్యాలయం తీసుకునే అడ్మిన్ ఫీజులో వాటా 40, కరెంటు కంపెనీ అడిగే డిపాజిట్‌లో వాటా 50, అద్దెదారు బీమాకు 15. ఇల్లు ఖాళీగా ఇస్తారు, పొయ్యి, ఫ్రిజ్ ఉన్నా మంచం ఉండదు కాబట్టి పరుపుకూ వంటసామానుకూ 250. ఇప్పుడు కూడండి.

కాలర్: పన్నెండు వందల... పదిహేను.

సలహాదారు: ఇవి నేను అనుకున్న అంకెలే, మీ వాడి లీజులో వేరుగా ఉండవచ్చు. అయినా మీరు 400 అనుకున్నది మూడింతలైంది చూశారా? ఆగస్టులో చేరితే సెప్టెంబరు 1న రెండో నెల అద్దె కూడా కట్టాలి, క్యాంపస్‌లో పని దొరికినా జీతం అప్పటికి చేతికి రాదు. బ్యాంకు, లోనులోని చదువు ఫీజును నేరుగా విశ్వవిద్యాలయానికి పంపి, జీవన వ్యయం సొమ్ము తరువాత విడుదల చేస్తుందేమో ఇవాళే అడగండి. మంజూరైన డబ్బు వేరు, చేతిలో ఉన్న డబ్బు వేరు. ఇంకొక మాట, లీజు ఆగస్టు 1న మొదలైతే మీ వాడు 14న దిగినా ఆ నెల మొత్తం కట్టవలసిందే. 15 నుంచి మొదలుపెట్టమని అడిగితే దాదాపు సగం మిగులుతుంది.

కాలర్: బాగుందమ్మా. అయితే ఆ అడ్వాన్సు...

సలహాదారు: వస్తున్నానండీ, అక్కడికే వస్తున్నాను. ఇల్లు ఖాళీ చేశాక కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇస్తే, టెక్సస్‌లో 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత పెడితే వివరం రాసి పంపాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు కోయకూడదు. అందుకే చేరిన రోజే గోడలూ కార్పెట్టూ ఫోటోలు తీసి ఉంచుకోవాలి. కానీ అది చదువు పూర్తయ్యాక వచ్చే డబ్బు, ఈ ఏడాది లెక్కలో అది ఖర్చే. పైగా నలుగురూ ఒకే లీజు మీద సంతకం చేస్తే, సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులవుతారు. ఒక కుర్రాడికి వీసా రాకపోతే ఆ 1,600ను మిగిలిన ముగ్గురూ పంచుకుని కట్టాలి.

కాలర్: అయ్యో, ఒకబ్బాయి ఇంటర్వ్యూ ఇంకా కాలేదే! పోనీ, ఆ సొమ్ము నోట్లుగా ఇచ్చి పంపనా?

సలహాదారు: నోట్లుగా 3,000 డాలర్ల వరకే తీసుకువెళ్లవచ్చు, మిగిలినది ముందుగా డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేయండి. అయితే అక్కడి అపార్ట్‌మెంట్ కార్యాలయాలు చాలావరకు నోట్లు తీసుకోవు, ఆన్‌లైన్‌లో గాని, ముందే డబ్బు కట్టి కొనే చెక్కులాంటి మనీ ఆర్డరుతో గాని కట్టాలి. ముందు ఆ అబ్బాయి వీసా తేలనివ్వండి, తరువాతే సంతకం.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. పటమట నుంచి మరొకరు.

కాలర్: మేడమ్, నేను బోస్టన్ వెళుతున్నాను. మొదటి నెల, చివరి నెల, డిపాజిట్, బ్రోకరు కమీషన్ కలిపి నాలుగు నెలల అద్దె ఒకేసారి అడుగుతున్నారు.

సలహాదారు: మొదటి మూడూ బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర చట్టం ఒప్పుకున్నవే, డిపాజిట్ మాత్రం ఒక నెల అద్దెను మించకూడదు. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకరును ఎవరు కుదుర్చుకుంటే వారే కమీషన్ ఇవ్వాలి. ఇంటి యజమాని పెట్టుకున్న బ్రోకరైతే మీరు ఇవ్వనవసరం లేదని చెప్పండి.

వ్యాఖ్యాత: మంగళగిరి నుంచి, క్లుప్తంగా అడగండి.

కాలర్: వాట్సాప్ గ్రూపులో ఒక గది చూశానండి. 500 డాలర్లు వెంటనే పంపితే ఉంచుతానంటున్నారు, లీజు తరువాత...

సలహాదారు: పంపవద్దు. లీజు చదవకుండా, ఇల్లు ఎవరిదో తేలకుండా ఒక్క డాలరు కూడా పంపవద్దు. అక్కడున్న సీనియర్ ఒకరు వెళ్లి గది చూసి, వీడియో కాల్‌లో మీకు చూపించాలి. తొందరపెట్టేవారిని అసలు నమ్మకండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోవస్తోంది. బ్రాడీపేట నుంచి ఇందాకటి పెద్దాయనే మళ్లీ లైన్‌లో ఉన్నారు.

కాలర్: క్షమించాలమ్మా. ప్రెషర్ కుక్కరు ఇక్కడి నుంచి తీసుకువెళితే ఆ 250లో ఏమైనా తగ్గుతుందా?

సలహాదారు: తగ్గుతుందండీ, తప్పక పెట్టి పంపండి. పరుపు మాత్రం అక్కడే కొనుక్కోనివ్వండి.