ఎరిన్నా, ఒక తాబేలాట

శ్రోతలకు నమస్కారం.

ప్రాచీన గ్రీసులో కవయిత్రి ఎవరని అడిగితే మనకు వెంటనే తట్టే పేరు శాఫో. ఆ తర్వాత ఇంకో పేరు చెప్పమంటే ఆగిపోతాం. నేను ఇవాళ ఆ ఇంకో పేరు గురించే మాట్లాడతాను. ఎరిన్నా. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు మనిషి. గ్రీసులోని రోడ్స్ దీవికి దగ్గర్లో ఉన్న టెలోస్ అనే చిన్న దీవి ఆమెదని ఎక్కువమంది పండితుల మాట. 19 ఏళ్లకే పోయిందని ఒక పాత నిఘంటువులో ఉంది. 300 పంక్తుల కావ్యం ఒకటి రాసింది. మరో మూడు చిన్న పద్యాలు ఆమె పేరు మీద మిగిలాయి. ఆ 300 పంక్తులు గ్రీకు మహాకవి హోమర్‌కు సాటి అని పూర్వకవి ఒకరు రాశారు. పొగడ్తలో కాస్త ఉదారంగానే ఉన్నాడనుకోండి.

ఆ కావ్యం దేని గురించి? స్నేహితురాలి గురించి. ఆ అమ్మాయి పేరు బౌకిస్. చిన్నప్పటినుంచీ కలిసి ఆడుకున్న పిల్ల. పెళ్లయి వెళ్లింది, కొత్త పెళ్లికూతురిగానే చనిపోయింది. పెళ్లికి వెలిగించిన కాగడాలతోనే చితికి నిప్పంటించారని ఎరిన్నా ఒక చిన్న పద్యంలో అంటుంది. మృత్యుదేవతను పట్టుకుని నువ్వు అసూయపరుడివి అని మొహం మీదే అనేస్తుంది.

ఆ పెద్ద కావ్యం చాలా శతాబ్దాలు మనకు దొరకలేదు. ఇతరులు ఎత్తి రాసిన కొన్ని ముక్కలే మిగిలాయి. 1928లో ఈజిప్టులో, ఆక్సిరింకస్ అనే చోట ఇటాలియన్లు తవ్వుతుంటే చిరిగిన పపైరస్ ముక్కలు, అంటే ఆ కాలపు రెల్లు కాగితం ముక్కలు, బయటపడ్డాయి. సుమారు 54 పంక్తులు. అవీ పూర్తిగా లేవు. చాలా పంక్తులకు ఒక కొసే మిగిలింది.

ఇక నాకు ప్రాణమైన చోటుకి వస్తాను.

ఆ చిరుగుల మధ్య కొన్ని మాటలు కనిపిస్తాయి. తెల్లగుర్రాల మీదనుంచి లోతైన కెరటంలోకి వెర్రి కాళ్లతో దూకావు. అయ్యో అని నేను గట్టిగా అరిచాను. తర్వాత తాబేలు. తర్వాత, పెద్ద లోగిలి ఆవరణలో గెంతుకుంటూ. ఇంతే. చనిపోయిన స్నేహితురాలి కోసం ఏడుస్తున్న పద్యంలో గుర్రాలెందుకు? సముద్రమెందుకు? మధ్యలో తాబేలెందుకు?

జవాబు ఇంకొకాయన దగ్గరుంది. ఎరిన్నా పోయి 500 ఏళ్లు దాటాక, క్రీస్తు శకం 2వ శతాబ్దంలో, పోలక్స్ అనే పండితుడు గ్రీకు మాటలను విషయాలవారీగా కూర్చి పెద్ద కోశం రాశాడు. అందులో పిల్లల ఆటలు కూడా రాశాడు. ఆడపిల్లల ఆట ఒకటి ఉంది, తాబేలాట. ఒక పిల్ల మధ్యలో కూర్చుంటుంది. ఆ పిల్లే తాబేలు. మిగతావాళ్లు చుట్టూ పరుగెడుతూ అడుగుతారు:

తాబేలూ తాబేలూ, నడిమధ్య ఏం చేస్తున్నావు?

ఉన్ని వడుకుతున్నా, మిలేటస్ ఊరి పేకనూలు నేస్తున్నా.

మరి నీ కొడుకు ఎట్లా పోయాడు?

తెల్లగుర్రాల మీదనుంచి సముద్రంలోకి దూకాడు.

ఆ దూకాడు అన్న మాట దగ్గరే మధ్యలో కూర్చున్న పిల్ల లేచి మీద పడుతుంది. దొరికిన పిల్ల తర్వాతి తాబేలు. ఆట ఇట్లా సాగేదని పండితుల ఊహ.

ఇప్పుడు మళ్లీ ఆ చిరిగిన పంక్తులు వినండి. తెల్లగుర్రాల మీదనుంచి లోతైన కెరటంలోకి దూకావు. అయ్యో అని నేను అరిచాను. పెద్ద లోగిలిలో గెంతుకుంటూ, తాబేలునై. ఇద్దరు పిల్లలు. ఒకరు దూకింది, ఒకరు అరిచింది, ఒకరినొకరు తరుముకున్నారు. వాళ్ల నోళ్లలో ఆడుతున్నవి ఉన్ని వడకడం, పోయిన కొడుకు. ఆడవాళ్ల బతుకంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. పిల్లలకు అది తెలియదు. రాస్తున్నప్పటికి ఎరిన్నాకు తెలుసు.

ఆ ఆటల జాడలు ఇంకా నా గుండెలో వెచ్చగానే ఉన్నాయి, మనం ఆడుకున్నవి మాత్రం ఇప్పుడు నిప్పుకణికలు అంటుంది. బొమ్మలతో ఆడుకోవడం చెబుతుంది. తెల్లవారుజామున అమ్మ పనివాళ్లకు ఉన్ని పంచిపెట్టడం చెబుతుంది. ఇంకా మోర్మో. మోర్మో అంటే వాళ్ల బూచి. తలమీద పెద్ద చెవులు, నాలుగు కాళ్ల నడక, ఒక మొహం నుంచి ఇంకో మొహానికి మారిపోతూ ఉంటుందట. ఇంత దుఃఖంలోనూ ఆ చెవులను మరిచిపోలేదు చూడండి. నాకు ఎరిన్నా మీద నమ్మకం కుదిరింది అక్కడే.

తర్వాత చిన్న దెప్పుపొడుపు. మగవాడి మంచం ఎక్కాక అమ్మ చెప్పినవన్నీ మరిచిపోయావు బౌకిస్, ప్రేమదేవత అఫ్రొడైటీ నీ గుండెలో మరుపు పెట్టింది అంటుంది. ఆ వెంటనే తన సంగతి. నా కాళ్లు ఇల్లు దాటడానికి వీల్లేదు. శవాన్ని కళ్లతో చూడకూడదు. జుట్టు విరబోసుకుని ఏడవకూడదు. ఎందుకు వీల్లేదన్న దానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. నాకైతే కారణం మీద అంత ధ్యాస లేదు. చావుకి వెళ్లలేకపోయిన మనిషి ఇంట్లో కూర్చుని రాసిన ఏడుపు ఇది. అంతవరకు చాలు.

సమయం దగ్గర పడుతోంది కాబట్టి ఒక్క పని సంగతి చెప్పి ముగిస్తాను. పోలక్స్ పెద్ద పండితుడు, ఏథెన్స్‌లో పాఠాలు చెప్పినవాడు. ఆడపిల్లల ఆటే కదా అని వదిలేయలేదు. ఎవరు మధ్యలో కూర్చుంటారు, ఎవరు పరుగెడతారు, ఏం అడుగుతారు, ఏం చెబుతారు, అన్నీ రాసి పెట్టాడు. అది లేకపోతే ఎరిన్నా తాబేలు మనకు అర్థమయ్యేది కాదు.

మన ఇళ్లలో చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, గుడుగుడు గుంచం ఆడినవాళ్లు ఇంకా ఉన్నారు. పాటలు చాలామంది రాసుకుంటున్నారు, ఫోన్లో రికార్డు చేసుకుంటున్నారు. మంచిదే. కానీ పాట ఒక్కటే రాస్తే సగమే. ఏ మాట దగ్గర చేతులు విడుస్తారు, ఎవరు ఓడినట్టు, ఓడినవాళ్లు ఏం చేయాలి, ఎంతమంది కావాలి, ఇవీ రాయండి. మీ ఊళ్లో ఒక రకంగా, పక్క ఊళ్లో ఇంకో రకంగా ఆడితే రెండూ రాయండి. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగేటప్పుడు పాట పాడమని మాత్రమే అనకండి. ఒకసారి ఆడి చూపించమనండి. మోకాళ్ల నొప్పులుంటే కూర్చునే చెబుతారు, చేతులు ఎట్లాగూ ఊరుకోవు.

నమస్కారం.