పొడి ఆకు కాదు, తడి ఆకు వాసన చూడండి: లూజ్ లీఫ్, ఫ్లేవర్డ్ టీలు ఇంట్లో కాయడం ఎలా

[టేబుల్ మీద తెల్ల కప్పులు, కెటిల్, వంటింటి తూకం, చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల టీ ఆకు]

అందరికీ నమస్తే అండి. ఈరోజు టేబుల్ మీద పాలూ లేవు పంచదారా లేదు, కామెంట్లలో తిట్టేవాళ్ళుంటే ఇప్పుడే తిట్టేసి కూర్చోండి. చాలామంది చెప్పే మాట ఏంటంటే, ఆన్‌లైన్‌లో లూజ్ లీఫ్ టీ, అంటే పొడి కాకుండా విడి ఆకుగా వచ్చే టీ, డబ్బా తెప్పించాం, మూత తీస్తే వాసన అదిరిపోయింది, తీరా కాస్తే చేదు తప్ప ఏం లేదు, డబ్బులు దండగ అని. కొన్నిసార్లు టీ మంచిదే, కాసిన పద్ధతి తేడా. కొన్నిసార్లు నిజంగానే డబ్బాలో సరుకు లేదు. ఏది ఏదో ఎలా పట్టుకోవాలో చూపిస్తా. కెమెరా పట్టుకుంది మా తమ్ముడు, వాడు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తప్ప ఇంకో మతం లేనివాడు, మధ్యలో సణుగుతాడు, వదిలెయ్యండి.

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, వైట్ టీ, ఇవి వేరే వేరే మొక్కలు అనుకుంటాం కదా, కాదు, అన్నీ కమేలియా సైనెన్సిస్ అనే ఒక్క మొక్క ఆకులే. కోశాక ఆకుని ఎంత వడలనిచ్చారు, ఎంత నలిపారు, గాలి తగిలి ఎంత నల్లబడనిచ్చారు, ఎప్పుడు వేడి చూపించి ఆపేశారు, తేడా మొత్తం అక్కడే. గ్రీన్ టీకి కోశాక నల్లబడే టైమ్ ఇవ్వకుండా వేడి తగిలించేస్తారు, బ్లాక్ టీని పూర్తిగా వదిలేస్తారు, ఊలాంగ్ మధ్యలో ఎక్కడో. మన ఇళ్ళల్లో రోజూ వాడే గుళికల టీ పొడి కూడా అదే మొక్క, దాన్ని సీటీసీ అంటారు, ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య వేసి నలిపి చింపి ఉండల్లా చుట్టేస్తారు, 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి. పాలల్లో మరిగించడానికి దాన్ని కొట్టింది లేదు. కాకపోతే పాలని తట్టుకునే కడుపు ఉన్న టీ అది, సన్నటి వాసనలు దాంట్లో వెతికితే దొరకవు. వాటికే ఈ ఆకు టీలు.

[క్లోజప్: రెండు కప్పులు, ఒకే గ్రీన్ టీ]

ఇది చూడండి. రెండు కప్పుల్లోనూ ఒకటే గ్రీన్ టీ, రెండేసి గ్రాములు, రెండు నిమిషాలు. ఎడమ దాంట్లో సలసల కాగే నీళ్ళు పోశా, కుడి దాంట్లో 80 డిగ్రీలు. రంగు చూడండి, ఎడమది ముదురు పసుపు, కుడిది లేత ఆకుపచ్చ. తాగితే ఎడమది నాలుక లాగేస్తుంది, పచ్చి జామకాయ కొరికినట్టు వగరు. కుడి దాంట్లో అడుగున కొంచెం తీపి తెలుస్తుంది. కారణం ఏంటంటే చేదు, వగరు ఇచ్చేవి క్యాటెచిన్లు, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అవి అంత జోరుగా దిగుతాయి, ఆ తియ్యదనం ఇచ్చే థియానిన్‌కి మాత్రం అంత వేడి అక్కర్లేదు. అంటే వేడి తగ్గిస్తే చేదు వెనకపడుతుంది, తీపి ముందుకొస్తుంది.

"అక్కా, థర్మామీటర్ ఎవరింట్లో ఉంటది?" అంటున్నాడు. కరెక్టే, అక్కర్లేదు. మూడు గ్లాసులు మరుగుతున్న నీళ్ళలో ఒక గ్లాసు మామూలు నీళ్ళు కలిపెయ్యండి, దాదాపు 80కి వచ్చేస్తుంది. గ్రీన్ టీకి, జాస్మిన్ టీకి అది చాలు. బ్లాక్ టీకి కలపొద్దు, కాగిన నీళ్ళే పొయ్యండి, వేడి తగ్గితే అది చప్పగా తయారవుతుంది. ఇంకోటి, ఆకుని స్టవ్ మీద పెట్టి మరిగించొద్దు, నీళ్ళు పోసి మూత పెట్టి వదిలెయ్యడమే, టైమ్ అవ్వగానే మొత్తం వడకట్టెయ్యాలి, ఆకు నీళ్ళలో అలాగే ఉండిపోతే చేదు ఎక్కుతూనే ఉంటుంది.

నీళ్ళ గురించి ఒక్క మాట. బోరు నీళ్ళతో కాస్తే టీ మీద నూనెలా మెరిసే తెట్టు కడుతుంది చూశారా, అది నీళ్ళలో ఉన్న కాల్షియం పని, రంగు కూడా మబ్బుగా ఉంటుంది. ఎంత ఖరీదు టీ అయినా ఆ నీళ్ళలో పోసిన పన్నీరే. ఫిల్టర్ నీళ్ళు వాడండి చాలు.

[కప్పులు మారతాయి]

ఇప్పుడు రుచి చూడటం. టీ కంపెనీల్లో టేస్టర్లకి దీనికి ఒక స్టాండర్డే ఉంది, ఐఎస్ఓ 3103 అని, 100 మిల్లీలీటర్లకి రెండు గ్రాముల ఆకు, మరిగే నీళ్ళు, ఆరు నిమిషాలు. తాగడానికి కాదు అది, తప్పులు పట్టుకోవడానికి, అంతసేపు పెడితే టీలో ఉన్న లోపం ఏదీ దాక్కోలేదు. మనం బ్లాక్ టీకి మూడు నిమిషాలతో ఆపుదాం. వాళ్ళు స్పూన్‌తో తీసుకుని గట్టిగా జుర్రుతారు, మర్యాద లేక కాదు, గాలితో కలిసి వెళ్తే గొంతు వెనక నుంచి ముక్కుకి వాసన అందుతుంది. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు జుర్రండి, తేడా మీకే తెలుస్తుంది.

వాళ్ళు చేసే ఇంకో పని మాత్రం తప్పకుండా నేర్చుకోవాలి. వడకట్టాక ఆకుని పారెయ్యరు, మూత మీద బోర్లించి వాసన చూస్తారు.

[బాగా క్లోజప్: తడి డార్జిలింగ్ ఆకు, తెల్ల మూత మీద]

ఇది డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే చలికాలం అయ్యాక మార్చి, ఏప్రిల్‌లో వచ్చే మొదటి కోత. పొడిగా ఉన్నప్పుడు ఎండు గడ్డిలా ఉంది కదా, ఇప్పుడు చూడండి, విప్పుకుంది, అంచులు గోధుమ రంగు, మధ్యలో ఇంకా పచ్చగా, ఇదిగో మొగ్గ, ఇవి రెండాకులు, ఒకే కాడకి. వాసన చూస్తే పచ్చి బాదం, కొంచెం పువ్వు. బ్లాక్ టీ అని అమ్ముతారు గానీ రంగు తేనెలా ఉంటుంది. దీనికి పాలు పోస్తే మాత్రం నేను ఒప్పుకోను.

పక్కది అదే డార్జిలింగ్, సెకండ్ ఫ్లష్, మే జూన్ కోత. ద్రాక్ష వాసన వస్తుంది, దాన్ని మస్కటెల్ అంటారు. దీని కథ మన పత్తి రైతులకి చెప్తే నవ్వుతారు. పత్తిలో పచ్చదోమ ఉంటుంది కదా, మందు కొట్టి కొట్టి విసిగిపోతారు, ఆ జాతి పురుగే అక్కడ టీ ఆకు రసం పీలుస్తుంది, దెబ్బ తిన్న ఆకు తనని తాను కాపాడుకోడానికి కొన్ని వాసన పదార్థాలు తయారు చేసుకుంటుంది, ఆ వాసనకే డబ్బులు. ఇక్కడ పురుగు పడితే నష్టం, అక్కడ పురుగు పడితే రేటు. డార్జిలింగ్ పేరు మీద నకిలీలు ఎక్కువని దానికి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, కూడా ఉంది, 2004లో, మన దేశంలో మొట్టమొదటిది అదే. డబ్బా మీద లోగో ఉందో లేదో చూసి కొనండి.

అస్సాం ఆర్థొడాక్స్ ఇంకోటి, అంటే సీటీసీలా గుళికలు చెయ్యకుండా ఆకుని ఆకులాగే చుట్టి చేసింది, చిక్కగా, మాల్ట్ వాసనతో, అంటే మొలకెత్తించి వేయించిన బార్లీ వాసనతో, పాలు పోసినా తట్టుకుంటుంది. పాలు వదల్లేనివాళ్ళు ఇక్కడ నుంచి మొదలుపెట్టండి.

ఇక ఫ్లేవర్డ్ టీలు, మోసం ఎక్కువ ఇక్కడే.

జాస్మిన్ టీ తీసుకోండి. చైనాలో ఫూజియన్ రాష్ట్రం ఫూజౌ దీనికి పాత పేరు. పువ్వు వేరేది కాదండోయ్, మన మల్లె. పగలు మొగ్గలు కోస్తారు, సాయంత్రానికి విచ్చుకుంటాయి, మన జడలో లాగే, అప్పుడు గ్రీన్ టీతో పొరలు పొరలుగా కలిపి రాత్రంతా ఉంచుతారు. టీ ఆకుకి వాసన పీల్చుకునే గుణం చాలా ఎక్కువ. పొద్దున పువ్వులు ఏరేసి, ఆకు ఆరబెట్టి, మళ్ళీ కొత్త పువ్వులు. మంచి రకానికి ఇలా చాలా రాత్రులు చేస్తారు. ఇదంతా చెయ్యలేనివాళ్ళు నాసిరకం ఆకు మీద ఎసెన్స్ స్ప్రే చేసి, అందం కోసం నాలుగు ఎండు పూరేకులు చల్లుతారు. డబ్బా మూత తియ్యగానే గుప్పుమనేది ఎక్కువగా ఇదే.

తేడా పట్టుకోవడం ఎలాగంటే, అదే ఆకుకి రెండోసారి నీళ్ళు పొయ్యండి. ఎసెన్స్ వాసన మామూలుగా మొదటి కప్పుతోనే పోతుంది, రెండో కప్పులో ఉత్త వగరు నీళ్ళు మిగుల్తాయి. పూలతో చేసింది రెండో కప్పులో కూడా పలుకుతుంది. తర్వాత తడి ఆకు చూడండి, ముక్కలు ముక్కలుగా, కాడలతో ఉంటే ఆకు సంగతి అర్థమైపోయినట్టే.

అలా అని నూనె కలిపిందల్లా చెత్త అనకండి. ఎర్ల్ గ్రే అంటేనే బ్లాక్ టీకి బెర్గమాట్ నూనె పట్టించింది, అది ఎక్కువగా ఇటలీలో కలాబ్రియాలో పండే నిమ్మజాతి కాయ, తొక్కలోంచి తీస్తారు. దాంట్లో చూడాల్సింది కింద టీ రుచి ఉందా లేదా అని, ఉత్త తొక్క వాసనే కొడితే ఆకు బాలేదన్నమాట. చాక్లెట్ టీ, పాన్ టీ, బబుల్‌గమ్ టీ, వీటి మీద నేను మాట్లాడను.

[జెన్‌మైచా కప్పు]

జెన్‌మైచా. జపాన్‌ది, గ్రీన్ టీలో వేయించిన బియ్యం కలుపుతారు, ఇదిగో కొన్ని గింజలు పేలాల్లా పేలి ఉన్నాయి. "అక్కా ఇది అటుకులు వేయించినప్పటి వాసన" అన్నాడు మా వాడు, ఇప్పటిదాకా వాడు కప్పు ఖాళీ చేసింది ఇదొక్కటే. గ్రీన్ టీ నచ్చదు అనేవాళ్ళకి దీంతో మొదలుపెట్టించండి.

శంఖుపువ్వు టీ, హైబిస్కస్ టీ ఇవి నిజానికి టీ కాదు, కెఫీన్ ఉండదు. హైబిస్కస్ అంటే మందారం అనుకుంటారు గానీ ప్యాకెట్‌లో ఉండేది మామూలుగా రోజెల్, మన గోంగూర చుట్టమే, అందుకే ఆ పులుపు. వీటికి కాగే నీళ్ళే పొయ్యండి, ఐదు నిమిషాలు.

కొనేటప్పుడు 50 గ్రాముల ప్యాకెట్టే తీసుకోండి, ఇందాక చెప్పా కదా ఆకు వాసన పీల్చేస్తుందని, మసాలా డబ్బాల పక్కన పెడితే మూడో రోజుకి మీకు ఇంగువ ఫ్లేవర్డ్ టీ రెడీ. గాజు సీసా వద్దు, వెలుతురు తగిలితే పాడవుతుంది, మూత గట్టిగా ఉండే రేకు డబ్బా ఏదైనా చాలు.

ఎండాకాలంలో అయితే స్టవ్ కూడా వద్దు. లీటరు చల్లటి నీళ్ళలో పది గ్రాముల ఆకు, జాస్మిన్ గానీ డార్జిలింగ్ గానీ, పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడకట్టుకోండి. వేడి తగల్లేదు కాబట్టి చేదు పెద్దగా దిగదు, పంచదార కూడా అడగదు. ఒక్క రోజులో తాగెయ్యండి, నిల్వ పెట్టకండి.