ఒక్క సూదితో అయిపోదండీ

(జూలై 6, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే ప్రపంచ జూనోసిస్ దినం నాడు విజయనగరంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. గొలుసులు కాస్త దగ్గరగా పట్టుకోండి, నాకన్నా మీ కుక్కలే గట్టిగా మాట్లాడుతున్నాయి.

1885లో ఇదే రోజున, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి లూయీ పాశ్చర్ టీకా మొదలుపెట్టారు. పిల్లాడు బతికాడు. రేబిస్ అంటే మీకు భయం ఉంది, అందుకే వచ్చారు. నా బాధ పార్వోతో, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బుతో.

మొన్న వేసవిలో ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టి కుక్కపిల్లను తెచ్చారు. వాంతులు, నెత్తురు విరేచనాలు. గదిలోకి రాకముందే ఆ వాసన వచ్చింది. "నెలన్నరకే సూది ఏయించాను కదా బాబూ, ఇదేటి ఇలాగైపోయింది?" అన్నారు. వేయించారు, నిజమే. రెండోదానికి రాలేదు.

తల్లి ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం మనం వేసిన టీకాను పనిచేయనివ్వదు. ఎప్పుడు తగ్గిపోతుందో పిల్లపిల్లకీ తేడా. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తాం. ఏడాదికి మళ్లీ బూస్టర్. రేబిస్ టీకా మూడో నెలలో.

ఆ పిల్ల మూడో రోజు పోయింది. వారం తిరక్కుండా ఆయన ఇంకో పిల్లను తెస్తానంటే వద్దన్నాను. పార్వో వైరస్ పెరటి మట్టిలో నెలల తరబడి ఉంటుంది. ఫినాయిల్‌కి లొంగదు, గచ్చు బ్లీచింగ్‌తో కడగాలి.

ఇంకొకాయన మందుల షాపులో టీకా సీసా కొని, చొక్కా జేబులో వేసుకుని మే నెల ఎండలో సైకిల్ మీద తెచ్చారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు! డబ్బులు పోయాయి సరే, టీకా పడిందన్న ధీమా మిగలడం ఇంకా ప్రమాదం.

పిల్లి ఇల్లు దాటదు కదా అంటారు. మీ చెప్పులు దాటుతాయి కదా? పార్వోకి చుట్టంలాంటి వైరస్ పిల్లులకీ ఉంది, దానికీ టీకా ఉంది.

కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టకండి. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. కరిచింది ఇంటి కుక్కైనా సరే.

ఇక లైను కడదాం. పిల్లుల్ని తెచ్చినవాళ్లు ముందు రండి. సంచి మూతి మాత్రం నేను చెప్పేదాకా విప్పకండి.