విశాఖ వెళ్తున్న పిల్లలకు డైరీ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో ఉన్న అధ్యాపకులకు, వెనక బెంచీల్లో ఇంకా సర్దుకుంటున్న మిత్రులకు కూడా.

వచ్చే వారం మీరంతా విశాఖపట్నం టూరుకి వెళ్తున్నారట. ఈసారి తలా ఒక యాత్రా డైరీ రాసి తీరాలని మీ తెలుగు శాఖ షరతు పెట్టిందట. ఆ మాట వినగానే కొన్ని మొహాలు ఎలా మారాయో ఇక్కణ్ణుంచి నాకు బాగానే కనిపిస్తోంది. కంగారు పడకండి. వ్యాసం రాయమని చెప్పడానికి రాలేదు నేను.

మన జిల్లాలో చెరువులున్నాయి, వాగులున్నాయి, సముద్రం లేదు. మీలో చాలామంది మొదటిసారి చూడబోతున్నారు. ఆర్కే బీచ్‌లో బస్సు ఆగగానే ప్యాంట్లు మడిచి పరిగెత్తుతారు. పరిగెత్తండి. మోకాలి లోతు మాత్రం దాటకండి, ఆ ఒడ్డున అల లాగుడు ఎక్కువ. తర్వాత ఫోన్లు తీస్తారు. ఇంటికొచ్చేసరికి ఒక్కొక్కరి ఫోన్లో కొన్ని వందల అలలుంటాయి. వాటిలో ఏ అల మీ అలో, ఏది మీ స్నేహితుడు పంపిన అలో మీకే తెలియదు. కాబట్టి డైరీలో అలల గురించి రాయకండి, ఆ పని ఫోను చేసేసింది. ఫోనుకి దొరకనివి మూడు నాలుగున్నాయి: ధర, మాట, వాసన, మీరు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు. డైరీ వీటి కోసమే అని నా ఉద్దేశం.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాటని ఇంకో భాషలో చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న కాశీకి బయల్దేరారు. రైలు లేని రోజులు. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. వెళ్ళేటప్పుడు శ్రీశైలం, మన హైదరాబాదు, నాగపూరు. వచ్చేటప్పుడు కలకత్తా, జగన్నాథం మీదుగా తూర్పు తీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడవునా రాసినదాన్ని కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారు 1838లో అచ్చు వేయించారు. ‘కాశీయాత్ర చరిత్ర’ అదే. మీ గ్రంథాలయంలో ఉండాలి, లేకపోతే తెప్పించమని మేడం గారిని అడగండి. భక్తితో వెళ్ళిన మనిషే, అయినా పేజీల నిండా దర్శన పారవశ్యం ఉండదు. ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, దారి రాళ్ళా, రేగడా, ఏరు ఎలా దాటాం - ఇవి. ఆనాటి యాత్రికులకు పనికొచ్చే సమాచారం ఇప్పుడు చరిత్రకారులకు పనికొస్తోంది. ఆయన ‘ఆహా’ అని రాసి ఊరుకుని ఉంటే ఇవాళ ఎవరికీ పనికొచ్చేది కాదు.

సరే, విశాఖకి వద్దాం. మీ రైలు తెల్లవారుజామునే దింపుతుంది. అందరూ హోటల్ గదుల కోసం కొట్టుకుంటున్నప్పుడు, మీ సార్ల అనుమతితో ఓ పదిమంది ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. నన్నడిగితే మొత్తం టూరులో డైరీకి అంతకంటే మంచి చోటు లేదు. వేటకెళ్ళిన మరపడవలు ఒడ్డుకి చేరి ఉంటాయి. చేపల్ని రకాల వారీగా కుప్పలు పోస్తారు. వేలంపాట మొదలవుతుంది. పాట పాడేవాడు ఎంత గబగబా అంటాడంటే, అది అంకె అని అర్థమయ్యేలోపు సరుకు చేతులు మారిపోతుంది. కోనాం, చందువా, సూర, పీతలు, రొయ్యలు. పక్కనే ఐసు గడ్డల్ని పొడి చేసే మిషన్ మోత. కాళ్ళ కింద చేపనీళ్ళు, కొత్త బూట్లు వేసుకెళ్ళకండి. మొదట కొనేవాళ్ళు పెద్ద వ్యాపారులు. తర్వాత గంపలతో వచ్చిన ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని నలుగురు కలిసి ఒక వాటా తీసుకుని పంచుకోవడం కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఆటో ఎక్కి ఎవరి పేటకి వాళ్ళు.

ఇక్కడ ఏం రాసుకోవాలి? ‘మత్స్యకారుల జీవితం దుర్భరం’ అని రాయకండి. ఆ ముక్క ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. ఒక కుప్పని పట్టుకోండి. టైమెంత, పాట ఎంత దగ్గర మొదలైంది, ఎంత దగ్గర ఆగింది, ఎవరు కొన్నారు. అదే చేప మధ్యాహ్నం పూర్ణా మార్కెట్‌లో ఎంతకి అమ్ముతున్నారో అడిగి కింద రాయండి. రెండంకెల మధ్య తేడాలో ఐసు ఉంది, ఆటో కిరాయి ఉంది, గంప మోసిన మెడ ఉంది. ఎవరైనా తీరిగ్గా కనబడితే వేట నిషేధం రోజుల్లో ఏం చేస్తారని అడగండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరపడవలు కదలవు. 61 రోజులు ఇల్లెలా గడుస్తుందన్నది మీ ఎకనామిక్స్ పుస్తకంలో ఉండదు.

మాటని విన్నది విన్నట్టు రాయండి. “ఏటి బావూ, కొంతావా, సూసెల్లిపోతావా?” అని అక్కడొకావిడ అడిగితే, దాన్ని ‘ఏమి బాబూ, కొంటావా, చూసి వెళ్ళిపోతావా’ అని దిద్ది రాయకండి. నవ్వు తెప్పించడానికీ రాయకండి. మన తెలంగాణ మాటని సినిమాల్లో రౌడీకీ జోకరుకీ ఇచ్చి ఎన్నేళ్ళు నవ్వారో మనకి తెలుసు. ఉత్తరాంధ్ర వాళ్ళూ అదే పడ్డారు. ఆ సంగతి తెలిసిన మనం ఇంకొకరి యాసని కాస్త మర్యాదగా రాసుకోవాలి.

ఇక రెండో చోటు. మీ ప్రోగ్రాం కాగితం చూశాను: ఒక్క రోజులో కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు. ఎవరు వేశారో గానీ గుండె ధైర్యం ఉన్న మనిషి. (మీ ఫిజిక్స్ సారు చెయ్యెత్తుతున్నారు. క్షమించాలి సార్!) అన్నీ చూడండి, డైరీకి మాత్రం ఒక్కటే ఎంచుకోండి. నేనైతే పాత ఊరు వైపు రాస్ హిల్ ఎక్కుతాను. మేరీ మాత చర్చి ఉన్న కొండ. పక్కనే దర్గా కొండ, ఆ పక్కన వేంకటేశ్వరస్వామి కొండ. కింద ఓడలు లోపలికి వచ్చే కాలువ, అవతల డాల్ఫిన్ నోస్ కొండ. కదలకుండా ఒక గంట కూర్చోండి. లోపలి రేవు 1933లో తెరిచారు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఈ నీళ్ళ ఒడ్డునే ఉంది. స్వతంత్ర భారతంలో ‘జల ఉష’ ఓడని నెహ్రూ 1948లో నీళ్ళలోకి వదిలింది అక్కడే. బస్తర్ కొండల్లోని బైలదిల్లా ఇనుప ఖనిజం రైల్లో వచ్చి ఈ రేవు నుంచే జపాను వెళ్ళింది. మీరు ఎక్కాలని సరదా పడే అరకు రైలు మార్గం వేసింది ఆ ఖనిజం కోసమే, మన సెల్ఫీల కోసం కాదు. ఆ గంటలో ఏ ఓడ వచ్చింది, దాన్ని లాగిన టగ్గులెన్ని, గాలి ఎటు నుంచి, బొగ్గు వాసన ఉందా లేదా, రాసుకోండి. పాత ఊళ్ళో ఎవరినడిగినా డాబా మీద పడే నల్లదుమ్ము గురించి చెప్తారు. అదీ రాయండి.

ఒక జాగ్రత్త. అది తూర్పు నౌకాదళం ఊరు. ఫోటోలు తీయకూడదని బోర్డున్న చోట ఫోను జేబులో పెట్టండి. పెన్నుంది కదా అని అక్కడ మ్యాపులు గీసి మీ సార్లని స్టేషన్‌కి తిప్పకండి.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎలాగూ చూస్తారు. 91 మీటర్ల పొడవు, 1969 నుంచి 2001 దాకా సేవ, 2002 నుంచి మ్యూజియం. ఈ అంకెలు బోర్డు మీదే ఉంటాయి, కాపీ కొట్టకండి. లోపల మీ తల ఎక్కడ తగిలింది, ఏ తలుపులోంచి ఒంగి దూరారు, అది రాయండి. గైడ్లలో నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళుంటారు. నిద్ర గురించి, స్నానం గురించి అడగండి. యుద్ధం గురించి అందరూ అడుగుతారు.

పుస్తకం సంగతి. జేబులో పట్టే చిన్నది చాలు, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. జెల్ పెన్ను వద్దు, సముద్రపు చెమ్మకి సిరా పాకుతుంది. బాల్ పెన్ను, లేదంటే పెన్సిలు. బస్సు టికెట్లు అతికిస్తే అందంగానే ఉంటుంది గానీ, మిషన్లోంచి వచ్చే ఆ కాగితం మీది అచ్చు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఎంతయింది, పక్కన మీ చేత్తో రాసుకోండి. ఎడమ పేజీలో అక్కడికక్కడే ముక్కలు ముక్కలుగా: అంకెలు, పేర్లు, విన్న మాట. కుడి పేజీలో ఆ రాత్రే వాక్యాలు. రేపు రాద్దాం అనుకుంటే ఎడమ పేజీ మీకే అర్థం కాదు. మర్నాడు తప్పని తేలితే కొట్టేయకండి, వేరే రంగుతో పక్కన దిద్దండి. మొదట ఏమనుకున్నారో కూడా ఉండాలి.

ఇంకొకటి. ‘అద్భుతం’, ‘మనోహరం’, ‘కనువిందు’ - ఈ మూడు మాటలకి జరిమానా పెట్టుకోండి, మాటకి పది రూపాయలు. పోగైన డబ్బుతో బీచ్‌లో ముంత మసాలా తినండి. మీలో ఒకరిద్దరి డైరీలతోనే అందరికీ సరిపోతుందనుకుంటాను.

చివరిగా ఒక్క ప్రశ్న ఇచ్చి పంపిస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. చెట్లు కూలాయి, కొండలు బోడిగా మిగిలాయి, ఊరు చీకట్లో ఉండిపోయింది. ఆ రోజు మీరెక్కడున్నారని అడగండి - ఆటో ఆయన్ని, టిఫిన్ వడ్డించే ఆయన్ని, హోటల్ గది ఊడ్చడానికి వచ్చిన అమ్మని. కరెంటు ఎన్నాళ్ళకి వచ్చింది, మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, ఇంటి ముందు ఏ చెట్టు పడింది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. పేరు రాసుకోవాలంటే ముందు అడగండి, వద్దంటే ‘ఆటో ఆయన’ అంటే చాలు. వాళ్ళు చెప్తుండగా మాత్రం పుస్తకం తీయకండి, తీస్తే మాట ఆగిపోతుంది. పూర్తిగా వినండి, దిగండి, డబ్బులివ్వండి, పక్కకి జరిగి నిలబడి రాసుకోండి. ఇక మీరు అడగండి, ముందు ఫిజిక్స్ సారు.