ముందు రూటర్ పీకి చూడండి: బిల్డింగ్ కంట్రోలర్ ఎంపిక

నమస్కారమండీ. టేబుల్ మీద మూడు పెట్టెలున్నాయి. ఎడమవైపు ఎస్‌డీ కార్డు మీద నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికో రిలే బోర్డు, అంటే పంపుల్లాంటివి వేసి ఆపే స్విచ్‌ల బోర్డు. మధ్యలో ఫోన్ యాప్‌తో వచ్చే వైఫై కంట్రోలర్. కుడివైపు డిన్ రైల్ (ప్యానెల్‌లో పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద బిగించిన చిన్న పీఎల్‌సీ, అంటే ఫ్యాక్టరీల్లో యంత్రాలు నడిపే కంట్రోలర్. ముగ్గురికీ ఒకటే పని: మనం లేని బిల్డింగ్‌లో ట్యాంకు మట్టం చూడాలి, పంపు నడపాలి, సర్వర్ గది వేడెక్కితే చెప్పాలి.

యాప్ ఎంత అందంగా ఉందో తర్వాత చూద్దాం. ముందు రూటర్ పీకేస్తున్నా. ట్యాంకు నిండినట్టు ఫ్లోట్ స్విచ్‌ని (నీళ్లతో పాటు పైకి తేలే స్విచ్) చేత్తో లేపుతున్నా, వినండి. పీఎల్‌సీ టక్కున రిలే వదిలేసింది, అంటే పంపు ఆగినట్టే. బోర్డు కూడా వదిలేసింది. మధ్య పెట్టె? పంపు నడుస్తోందని చెప్పే దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అంటే నిజం బిల్డింగ్‌లో అయితే నీళ్లు ఈపాటికి మెట్ల మీదికి వచ్చేవి. దీని బుర్ర ఈ పెట్టెలో లేదు, ఎక్కడో సర్వర్‌లో ఉంది. నాకైతే ఇక్కడితోనే ఇది అవుట్.

ఇప్పుడు కరెంటు. బోర్డు కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవచ్చు. నేను ఇలా పీకి పెడుతూ ఆడుకుంటుంటే ఒకసారి అసలు లేవనే లేదు. పక్కన కూర్చుని ఉన్నాం కాబట్టి కార్డు మార్చుకున్నాం, దూరంలో ఉంటే? ఇంకో సంగతి, కరెంటు తిరిగొచ్చాక ఏ రిలే ఏ స్థితిలో లేవాలో మనం చెప్పగలగాలి. ఏసీలన్నీ ఒకేసారి లేస్తే బ్రేకర్ పడిపోతుంది.

అసలు మజా సెన్సర్ వైర్ల దగ్గర. ట్యాంకు మట్టానికి 0-10 వోల్ట్ సెన్సర్ పెట్టారనుకోండి. వైరు తెగితే 0 వస్తుంది. ట్యాంకు ఖాళీ అయినా 0 వస్తుంది. కంట్రోలర్ పాపం ఏం చేస్తుంది, పంపు వేసేస్తుంది! అదే 4-20 మిల్లీయాంప్ అయితే ఖాళీ అంటే 4. అది 0కి పడిందంటే వైరు తెగినట్టే, అలారం కొట్టొచ్చు. అందుకే ఆ ఇన్‌పుట్ ఉందా లేదా అని ముందే చూస్తాను. ఉష్ణోగ్రత దగ్గరా ఇంతే. పీటీ100ని (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్) రెండు వైర్లతో లాగితే, వైరు నిరోధం ఒక్క ఓమ్ ఉన్నా రీడింగ్ దాదాపు రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. పీటీ1000 అయితే పావు డిగ్రీ. వైరు పొడుగైతే పీటీ1000, లేదంటే మూడు వైర్ల పీటీ100.

ప్రోటోకాల్, అంటే పరికరాలు మాట్లాడుకునే భాష గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. మోడ్‌బస్ 1979 నాటిది, అయినా ఎనర్జీ మీటర్లూ వీఎఫ్‌డీలూ (మోటార్ వేగం మార్చే పెట్టెలు) ఇప్పటికీ అదే మాట్లాడతాయి. చిల్లర్ (బిల్డింగ్ ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఉంటే బ్యాక్‌నెట్ అనే బిల్డింగ్ ప్రోటోకాల్ అడగండి. కానీ మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు. రూటర్‌లో మోడ్‌బస్ వాడే పోర్ట్ 502 తెరిచి నెట్‌లో పెట్టడమంటే తాళం చెవి తలుపుకే వదిలేయడం. వీపీఎన్ (నెట్ మీద తాళం వేసిన సొంత దారి) వాడండి. సిమ్ కార్డుతో నడిపితే చాలాసార్లు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరుకునే నెట్ చిరునామా) దొరకదు, అప్పుడు పెట్టె తానే బయటికి ఫోన్ చేసినట్టు కలవాలి. వీపీఎన్ క్లయింట్ గానీ ఎంక్యూటీటీ (చిన్న సందేశాలు పంపే ప్రోటోకాల్) గానీ అందులోనే ఉందో లేదో చూసుకోండి.

నా ఓటు పీఎల్‌సీకి. స్క్రీన్లు మనమే కట్టుకోవాలి, సాఫ్ట్‌వేర్ చూస్తే నీరసం వస్తుంది, అయినా సరే. ఆ చిన్న బోర్డుని పారేయను, గ్రాఫులు గీయడానికి పక్కన పెడతా. పంపు మాత్రం దాని చేతికివ్వను.

ప్యానెల్ తలుపు మీద ఆటో, ఆఫ్, మాన్యువల్ సెలెక్టర్ పెట్టించండి. అది ఏ స్థానంలో ఉందో తెలిసేలా ఒక ఇన్‌పుట్‌కి వైరు కూడా లాగించండి. లేకపోతే ఎవరో మాన్యువల్‌లో వదిలేసి పోతారు, మీరిక్కడ ఫోన్‌లో ఆఫ్ బటన్ నొక్కుతూనే ఉంటారు, పంపు అక్కడ తిరుగుతూనే ఉంటుంది.