ఊపిరి లెక్క

శ్రోతలకు నమస్కారం.

2021 వేసవిలో స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరిన జనం మీకు గుర్తుండే ఉంటారు. ఛాతీ సీటీ స్కాన్ రిపోర్టులో 25కి ఇంత అని ఒక స్కోరు ఉండేది. ఆ అంకెను బట్టి ఇంటిల్లిపాదీ ధైర్యం తెచ్చుకోవడమో డీలా పడిపోవడమో జరిగేది. ఊపిరితిత్తుల్లో ఎంత భాగానికి జబ్బు పాకిందో ఆ స్కోరు చెబుతుంది గాని, రోగి రేపు ఎలా ఉంటాడన్నది దానితోనే తేలదు. వైరల్ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినవారిలో ఎవరికి విషమించబోతోందో వైద్యులు దేన్ని చూసి అంచనా వేస్తారో ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా తెలుసుకోవలసిన అవసరం ఎందుకంటే, చికిత్స దాని మీదే ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం 2020 జూన్‌లో ఒక సంగతి బయటపెట్టింది. చవకైన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగులలో మరణాలను సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో అయిదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఆ మందు వల్ల మేలు కనిపించలేదు. కనుక ఎవరు ఏ దశలో ఉన్నారో గుర్తించడమే వైద్యంలో సగం పని.

న్యుమోనియా తీవ్రతను కొలవడానికి 2003 నుంచి కర్బ్-65 అనే పద్ధతి వాడుకలో ఉంది. మతి తప్పడం, రక్తంలో యూరియా పెరగడం, ఊపిరి వేగం, బీపీ పడిపోవడం, 65 ఏళ్లు నిండడం, ఈ అయిదే అందులో చూస్తారు. కోవిడ్ వచ్చాక బ్రిటన్ పరిశోధకులు 260 ఆసుపత్రుల సమాచారంతో ఫోర్ సీ అనే కొత్త స్కోరును తయారుచేశారు. వయసు, ఆడా మగా, ఇతర జబ్బులు, ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, స్పృహ, యూరియా, ఒంట్లో వాపును తెలిపే సీఆర్‌పీ అనే రక్త పరీక్ష, ఈ ఎనిమిదింటికి కలిపి మొత్తం 21 మార్కులు. మూడు లేదా అంతకన్నా తక్కువ వచ్చినవారిలో మరణాలు నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. 15 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవారిలో నూటికి 60కి పైమాటే. వీటిలో ఖరీదైన పరీక్ష ఒక్కటీ లేదని గమనించండి.

అయితే ఇక్కడే జాగ్రత్తపడాలి. ఆ స్కోరులో వయసుకే ఏడు మార్కుల వరకూ పోతాయి. షుగరు, బీపీ ఏమీ లేని 45 ఏళ్ల స్త్రీ నిమిషానికి 32 సార్లు ఊపిరి తీస్తూ, ఆక్సిజన్ 90 దగ్గర ఉన్నా, రక్త పరీక్షలు బాగుంటే ఆమెకు వచ్చేవి నాలుగు మార్కులే. ఆమె చనిపోయే అవకాశం తక్కువే కావచ్చు, కాని ఆక్సిజన్ మాత్రం ఆ క్షణానే పెట్టాలి. ప్రాణాపాయాన్ని అంచనా వేయడం వేరు, పరిస్థితి దిగజారడాన్ని పసిగట్టడం వేరు. అందుకే ఆ పరిశోధకులే రెండో దానికోసం మరో లెక్కను విడిగా రూపొందించారు. ఏ స్కోరైనా వేలమంది అనుభవాన్ని కూడగట్టి చెప్పేదే తప్ప, మంచం మీద ఉన్న ఒక మనిషి జాతకం కాదు. టీకాలు వచ్చాక, వైరస్ మారాక పాత అంకెలను మళ్లీ సరిచూసుకోవలసిందే.

నా మటుకు నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఊపిరి లెక్కకు. పెద్దవారు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు శరీరం ఆక్సిజన్ శాతాన్ని నిలబెట్టుకోవడానికి ముందు ఆ వేగాన్ని పెంచుతుంది. కాబట్టి మీటరులో 95 కనిపిస్తున్నా లోపల పోరాటం మొదలై ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, ఆక్సిజన్ బాగా పడిపోయినా కొందరికి ఆయాసమే తెలియదు. ఆయాసాన్ని ఎక్కువగా పుట్టించేది రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. ఈ జబ్బులో తొలిరోజుల్లో అది బయటికి పోతూనే ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు నల్లని చర్మం ఉన్నవారిలో ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుందని 2020 చివరలో అమెరికాలో వెలువడిన అధ్యయనం తెలిపింది. మనకు ఇది పట్టించుకోవలసిన విషయమే.

ఇంత ముఖ్యమైన ఊపిరి లెక్కను చాలా వార్డుల్లో నిమిషం పాటు నిలబడి లెక్కించకుండా ఉజ్జాయింపుగా రాసేస్తారన్నది నాకు బాధ కలిగించే సంగతి. రోగి దగ్గర కూర్చున్నవారు కూడా ఈ పని చేయవచ్చు. మీరు లెక్కిస్తున్నట్టు రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని మాట్లాడకుండా, ఛాతీ ఎన్నిసార్లు లేచిందో గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కించి, వేళతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. 2021 నాటి మన దేశ మార్గదర్శకాల ప్రకారం 24కి చేరితే జబ్బు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పొద్దున 18 ఉన్నది సాయంత్రానికి 26 అయినా, అప్పటిదాకా బాగా మాట్లాడిన మనిషి మగతగా ఉన్నా, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, రౌండ్ల కోసం ఎదురుచూడకుండా ఆ కాగితాన్ని అప్పుడే డ్యూటీలో ఉన్న నర్సుకు చూపించండి.